స్టాండు చెవి

ఉదయగిరి,
20-4-1996.

నాయనా,

నీ కూతురి వందనాలు. ఆపరేషను తర్వాత కళ్ళకు కట్టిన గుడ్డ తీసేశారనీ, గోడమీది క్యాలెండరులో అంకెలు కనిపిస్తున్నాయనీ గూడూరు నుంచి ఎడ్విన్ అన్న కార్డు రాశాడు. అవ్వ దాన్ని నా చేత మూడుసార్లు చదివించుకుంది. ఈ ఉత్తరం మాత్రం నువ్వు వదిన చేత చదివించుకోవద్దు. రోజుకు నాలుగు వరుసలైనా సరే, నువ్వే చదువు. ఇందులో ఉన్నవి నీకూ నాకూ మధ్య మాటలు.

ఆ కార్డు చివర నువ్వు చెప్పి రాయించిన నాలుగు ముక్కలూ చదివాను. జూలై ఒకటో తేదీ నుంచి మన షాపు ఆత్మకూరు తిరుపాలుకు ఇచ్చేస్తున్నావు. నేను తాళాలు అతనికి అప్పజెప్పి, అవ్వను వెంటబెట్టుకుని గూడూరు వచ్చేయాలి. "ఆడపిల్ల వెల్డింగు షాపులో కూర్చుంటే గిరాకీ ఎవరొస్తారు" అని రాయించావు. నాయనా, నేను తాళాలు ఇవ్వను. ఈ మాట మెత్తగా ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించాను. మెత్తగా చెప్పే దారి దొరకలేదు. అందుకని గట్టిగానే చెబుతున్నాను.

గిరాకీ ఎవరొస్తారో కూడా చెబుతాను విను. పోయిన సోమవారం పాస్టరు దయాసాగర్ గారు దొరగారి బండిని తోసుకుంటూ వచ్చారు. మిషన్ డాక్టరు దొర వెళ్ళిపోతూ చర్చికి వదిలేసిన ఎర్ర జపాను బండి నీకు తెలియనిది కాదు. వరికుంటపాడు వైపు పల్లెల్లో ప్రార్థనలకు ఆయన తిరిగేదంతా దాని మీదే. మన బండ్లకు సైడు స్టాండు ఫ్రేముకు ఉంటుంది. దీనికి మాత్రం వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్‌కు బిగించి ఉంటుంది. ఆ ఆర్మ్ అంతా అల్యూమినియం. స్టాండును పట్టుకునే చెవి విరిగి ఆయన చేతికొచ్చింది. ఇప్పుడు ఆ బండికి సొంతంగా నిలబడే యోగం లేదు. పాస్టరుగారు ఏ ఇంటికి వెళ్ళినా మనుషుల కంటే ముందు గోడను వెతుక్కుంటున్నారు. గోడ లేని చోట ప్రార్థన అయ్యేదాకా ఎవరో ఒకరు బండి పట్టుకుని నిలబడాలి.

ముందు ఆత్మకూరు తీసుకెళ్ళారట. తిరుపాలు చూసి, "సారూ, ఇది అల్యూమినియం. నా కాడ ఉండేది కరెంటు వెల్డింగు. తగిలించినానంటే కారిపోతాది. మద్రాసుకు పంపీండి," అన్నాడట. ఉన్నమాట చెప్పాడు, తప్పు పట్టను. కానీ నువ్వు షాపు ఇస్తున్నది ఆ తిరుపాలుకే కదా!

పాస్టరుగారు గడప దగ్గరే నిలబడి, "మీ నాయన ఉండుంటే బాగుండేదమ్మా," అన్నారు. "బండి వదిలిపెట్టి పోండి సార్, నేను చేస్తాను," అన్నాను. ఆయన నా భుజం మీదుగా లోపలికి చూశారు, ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. గోనె పరదా కూడా లేదు. నువ్వు గూడూరు బస్సెక్కిన రోజే దాన్ని విప్పి మడతపెట్టాను.

ఆ పరదా సంగతి మనిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నేను కావలిలో ఇంటరు తప్పి ఇంటికొచ్చిన ఏడాది నీ చూపు మసకబారడం మొదలైంది. గేట్లూ నాగళ్ళూ నువ్వు చేసేవాడివి. సన్నపని వస్తే నన్ను కేకేసి పరదా దించేవాడివి. దారినపోయేవాళ్ళ కళ్ళకు వెలుగు కొట్టకుండా అని అందరితో చెప్పేవాడివి. మనిషి అలికిడి అయితే నేను గ్యాసు మంట టార్చి నీ చేతికిచ్చి, వెనక గదిలో అవ్వ పక్కన బియ్యం ఏరుతూ కూర్చోవాలి. ఆరేళ్ళు అలాగే కూర్చున్నాను. అబద్ధం ఎందుకు, నాకు కోపం రాలేదు. నాకు పని నేర్పింది నువ్వే. టార్చి పట్టుకోనిచ్చింది నువ్వే. ఈ ఊళ్ళో ఇంకే తండ్రి పట్టుకోనిచ్చాడు? నీ పేరు నిలబడితే ఇల్లు నిలబడుతుందిలే అనుకున్నాను.

కోపం ఒక్కరోజే వచ్చింది. తొంభైయొకటిలో చర్చిలో ప్రభుబల్ల ట్రేకి పిడి ఊడింది, గుర్తుందా? చిన్నచిన్న గ్లాసులు పెట్టి ద్రాక్షరసం అందరికీ అందించే అల్యూమినియం ట్రే. రేకు బాగా పలచన. మంట ఒక్క క్షణం ఎక్కువ నిలిపితే చిల్లే. దాన్ని నేను అతికాను. ఆ ఆదివారం నువ్వు లేచి సాక్ష్యం చెప్పావు. "నా చూపు తగ్గినా దేవుడు నా చెయ్యి వదల్లేదు. ఆయన బల్లకు పనికొచ్చే పని నా చేత చేయించినాడు," అన్నావు. అందరూ హల్లెలూయా అన్నారు. నేను ఎప్పటిలాగే ఆడవాళ్ళ వైపు స్తంభం వెనక చాప మీద ఉన్నాను. ట్రే నా దాకా వచ్చింది. నా అతుకునే పట్టుకుని నా గ్లాసు తీసుకున్నాను. ఆ రసం గొంతు దిగలేదు నాయనా. షాపులో చెప్పే అబద్ధం పొట్టకూటి కోసం అనుకుని ఊరుకున్నాను. అక్కడ ఎందుకు చెప్పావు? ఐదేళ్ళు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

ఇక పని సంగతి. మంగళవారం ఆర్మ్ విప్పి, రబ్బరు బుష్షులు తీసేసి, వసారాలో బస్సు రోడ్డుకు ఎదురుగా పెట్టుకున్నాను. ఆగిన బస్సులో జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. అవ్వ ఊరుకుంటుందా, "చూడండిరా, బాగా చూడండి. దీనికి టిక్కెట్టు లేదు," అంది. విరిగిన చోట ఎవరిదో పాత అతుకు కనిపించింది. మద్రాసులో వేయించి ఉంటారు. దాని పగుళ్ళలో సున్నంలాగా తెల్లపొడి ఉంటే, దారి దుమ్మనుకుని గీకి పారేశాను. వేడి ఎంత ఎక్కిందో తెలియడానికి నువ్వు నేర్పినట్టే బట్టల సబ్బు రుద్దాను. ఇనుమైతే ఎర్రబడి, కోపమొస్తోంది జాగ్రత్త అని ముందే చెబుతుంది. అల్యూమినియం చెప్పదు, ఉన్నట్టుండి కారిపోతుంది. మన ఇంట్లో అలాంటిది ఇంకొకటి ఉందని నువ్వు అనుకుని ఉండవు. సబ్బు నల్లబడ్డాక అతుకు పట్టించే మందుపొడి రాసి, తీగ అందించి, చెవి కూర్చోబెట్టాను. వేడి బూడిదలో కప్పి, పైన ఆ గోనె పరదా వేసి నెమ్మదిగా చల్లారనిచ్చాను. చల్లారాక మందుపొడి పోయేటట్టు నీ లెక్క ప్రకారమే రెండు గ్లాసుల వేడినీళ్ళు పోసి, తడిగుడ్డ పెట్టి తుడిచాను. బండి ఇప్పుడు తనంతట తను నిలబడింది.

పందెం కడుతున్నాను నాయనా. ఈ చెవి విరిగితే తాళాలు నేనే ఆత్మకూరు తీసుకెళ్ళి తిరుపాలు చేతిలో పెడతాను. విరగనంతవరకు ఆ మాట నా దగ్గర ఎత్తవద్దు.

కంటిలో చుక్కలు మానవద్దు. అమ్మకు నా ముద్దులు.

వరప్రసాదం కూతురు,
ఏంజెలిన్.


ఉదయగిరి,
12-6-1996.

నాయనా,

చెవి విరిగింది.

రోశయ్యగారు నీకు ఈపాటికి కార్డు రాసే ఉంటారు. చర్చి కోశాధికారి కదా, ఏదీ తనలో దాచుకోరు. అయినా నా నోటితో కూడా విను. మే ఆఖరులో రెండు గట్టి వానలు పడ్డాయి. మొన్న ఆదివారం ఆరాధన మధ్యలో బయట దబ్బున చప్పుడైంది. బండి చెప్పుల మీదా, సైకిళ్ళ మీదా పడి ఉంది. అద్దం పగిలింది, పెట్రోలు కారుతోంది. దేవుడి దయవల్ల అక్కడ మనుషులెవరూ లేరు. రోశయ్యగారు స్టాండు చేత్తో ఎత్తిపట్టుకుని, "చూసినారా? ఆడబిడ్డ అతుకు అరవై దినాలు గూడా నిలవలా," అన్నారు. నవ్వినవాళ్ళ పేర్లు నా దగ్గర ఉన్నాయి, రాయను. పాస్టరుగారు బండి లేపి గోడకు ఆనించారు. ఆయన నాలుగు తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

మాట ప్రకారం తాళాలు ఇవ్వాలి. ఇవ్వను. మాట తప్పాననుకో, పరవాలేదు, అనుకో. నా మొదటి ఉత్తరానికి యాభై రోజులుగా నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. జవాబు రాయనివాడు పందెం గెలిచానని అనకూడదు. అదీగాక నేను ఓడిపోయింది చేతిపనిలో కాదు. ఎందులోనో చెబుతాను.

సోమవారమంతా ఆ విరిగిన చెవిని ముందు పెట్టుకుని కూర్చున్నాను. నా అతుకు విరగలేదు నాయనా. అతుకు గట్టిగానే ఉంది. అతుకు పక్కనా, చెవి కిందా ఉన్న అల్యూమినియమే గుల్లబారి రాలిపోయింది. వేలుపెట్టి గీకితే తెల్లపొడి. ఏప్రిల్లో ఆ పాత అతుకులో చూసిన పొడే. అప్పుడు దుమ్మనుకున్నాను చూడు, అక్కడ నా నెత్తిన మొట్టాలి! కానీ అదేమిటో, ఎక్కడినుంచి వస్తోందో ఎంతకూ అంతుబట్టలేదు.

దారి చూపింది అవ్వ. నా ఎదురుగా కూర్చుని వక్కాకు నములుతూ, "ఏంది మే అట్లా చూస్తా ఉండావు? ట్రే ఐదేండ్లుగా బాగనే ఉండాది గదా. అదీ నువ్వు చేసిందే, ఇదీ నువ్వు చేసిందే," అంది.

నేను అదిరిపడ్డాను. "ట్రే నేను చేసినానని నీకెట్లా తెలుసు?"

"కండ్లు పోయింది మీ నాయనకు గానీ నాకా? పరదా ఇవతల నేను కూసోలేదా? టార్చి సప్పుడు ఆగినాక నువ్వు సెమటలతో బైటికి వస్తావు, వాడు సల్లగా గిరాకీతో మాట్లాడతాడు. నా కొడుకని మూసుకుని కూసున్నా."

తర్వాత నేనే అడిగాను, ఆ రోజు ట్రేను ఎవరు కడిగారని. "నేనే," అంది అవ్వ. "ప్రభువు బల్లకు పొయ్యేది, ఎట్టబడితే అట్ట పంపిస్తానా? రెండు బిందెలు సలసల కాంచి, చింతపండు పెట్టి, పీచుతో మూడుతూర్లు తోమినా. మీ నాయన నీళ్ళు దండగని అరిసినాడు. నువ్వు అరుసుకో పో అన్నా."

అంతే నాయనా. మందుపొడి ఉప్పు జాతిది. అతుకు పడేదాకా మేలు చేస్తుంది, అయ్యాక కడిగి పంపకపోతే అక్కడే దాక్కుంటుంది. ఎండాకాలమంతా నిద్రపోతుంది. వాన తడి తగిలితే లేచి లోహాన్ని తింటుంది. రెండు గ్లాసులు దానికి ఏ మూలకు? ఉదయగిరిలో ఏప్రిల్, మే నెలల్లో బిందె నీళ్ళంటే ఏమిటో నీకు చెప్పాలా. బోరింగు దగ్గర పొద్దంతా వరసలో నిలబడి తెచ్చిన నీళ్ళు ముందు గ్యాసు తయారయ్యే మన కార్బైడు ట్యాంకుకు, తర్వాత పొయ్యి మీదికి, మిగిలితే ఒంటికి. లోహపు ముక్క మీద బిందె నీళ్ళు పారబోయడానికి నాకు చేతులు రాలేదు. నీళ్ళున్న ఊళ్ళో పుట్టి ఉంటే ఈ తప్పు చేసేదాన్ని కాదు.

నిన్న మళ్ళీ చేశాను. గుల్లబారినదంతా తళతళలాడే లోహం కనిపించేదాకా అరగదీశాను. కొత్త చెవి కోసి అతికాను. పొద్దున్నే నాలుగు బిందెలు తెచ్చి పెట్టుకున్నాను. అందులో రెండు అవ్వ స్నానానివి. "రెండు దినాలు నీళ్ళు పోసుకోకపోతే దేవుడు నన్ను గుర్తుపట్టడా ఏంది," అంది. వసారాలో బాన పెట్టి నీళ్ళు కాచి, చింతపండుతో మూడుసార్లు కడిగాను. రోశయ్యగారు అటుగా పోతూ ఆగారు. నేనే పిలిచి చెప్పాను. "పెదనాయనా, మొన్న బండి పడింది నా తప్పు వల్లే. ఆడదాన్నయినందుకు కాదు, నీళ్ళు పొదుపు చేసినందుకు. కావాలంటే స్టాండు వేసిన బండి మీద ఎక్కి కూర్చోండి," అన్నాను. ఆయన ముందు వద్దన్నారు. చుట్టూ నలుగురు చేరేసరికి కూర్చోక తప్పలేదు. బండి కదల్లేదు. ఆయన దిగి, పంచె సర్దుకుని, "చూస్తాంలే, వానలు ముందుండాయి," అన్నారు. చూడమనే నేనూ అంటున్నాను.

షాపు ఇమ్మని నిన్ను అడగడం లేదు నాయనా. షాపులోనే ఉన్నాను. అడిగేది ట్రే గురించి. జూలై ఏడో తేదీ మొదటి ఆదివారం, ప్రభుబల్ల ఉంది. ఆ రోజు ట్రే నా చేతికి వచ్చినప్పుడు నేను లేచి నిలబడి, దీన్ని ఎవరు అతికారో చెబుతాను. నీ పరువు తీయాలని కాదు. నిన్ను ప్రేమించడం మానలేదు కాబట్టే ముందుగా తెలియజేస్తున్నాను. చెప్పేవాడివి నువ్వైతే నేను నోరు మెదపను. లేకపోతే నేనే చెబుతాను. రెండింటిలో ఒకటి జరుగుతుంది.

ఏంజెలిన్,
గ్యాస్ వెల్డరు.


గూడూరు,
21-6-1996.

అమ్మా ఏంజెలినూ,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. అక్షరాలు గుమ్మడికాయలంత ఉంటే నవ్వవద్దు. కొత్త అద్దాలు ఇంకా అలవాటు కాలేదు. నీ రెండు ఉత్తరాలూ నేనే చదివాను. మొదటిదానికి నాలుగు రోజులు పట్టింది. మీ అమ్మ ఏముందని అడిగితే, వానలు లేవట అని చెప్పాను. చూడు, ఇక్కడ కూడా అబద్ధమే వచ్చింది నోటికి.

కన్న తండ్రితో అంత మాట అనవలసింది కాదు నువ్వు. కోపం వచ్చింది. ఆ కోపం మీదే జవాబు రాయలేదని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. నీ మొదటి ఉత్తరంలో తెల్లపొడి అన్న మాట దగ్గర ఆగిపోయాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. ఆ పాత అతుకు మద్రాసుది కాదమ్మా. నాది. నువ్వు కావలి హాస్టల్లో ఉన్నప్పుడు, ఎనభైతొమ్మిదిలో, నేనే వేశాను. డాక్టరు దొరగారితో ఇక దీనికి చావు లేదన్నాను.

ఇంకా ఉంది. మిషన్ వర్క్‌షాపులో నాకు పని నేర్పిన దొర అల్యూమినియం అతికిన ప్రతిసారీ రెండు బకెట్ల మరిగే నీళ్ళు పెట్టించేవాడు. అతకడం సగం పనే, కడగడం మిగతా సగం అనేవాడు. ఎనభైయేడు కరువులో నేను బకెట్టును చెంబు చేశాను. ఎవరూ తిరిగి రాలేదు కాబట్టి చెంబును గ్లాసు చేశాను. తర్వాత ఒకరిద్దరు విరిగిన పనులు పట్టుకుని వచ్చారు. మోయకూడని బరువు మోసి ఉంటారని వాళ్ళనే కసురుకున్నాను. ఎందుకు విరుగుతున్నాయో నాకు తెలుసు. నీకు నేర్పేనాటికి రెండు గ్లాసులే శాస్త్రమని నేర్పాను. నా చెవికి చెంబు నీళ్ళు పడ్డాయి, ఏడేళ్ళు ఆగింది. నీ చెవికి నేను గ్లాసు నీళ్ళు నేర్పాను, ఏడు వారాలు ఆగింది. ఏప్రిల్లోనే ఒక కార్డు ముక్క రాసి, కడుగు తల్లీ అని ఉంటే బండి పడేది కాదు, నిన్ను చూసి ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. రాస్తే నా అతుకు సంగతి బయటపడుతుందని రాయలేదు. నువ్వు పందెం ఓడిపోతే బాగుండునని కూడా ఒక్కరోజు అనుకున్నాను. తండ్రి అనుకోవలసిన మాట కాదు, అయినా అనుకున్నాను. దాచి ఏం లాభం.

పరదా నీ కోసం కట్టింది కాదు. నా కోసం. వెల్డరుకు కళ్ళు పోయాయని ఊరికి తెలిస్తే ఇక నేను ఎవరిని? ఆ భయం. ట్రే రోజు చెప్పిన సాక్ష్యం ముందుగా అనుకుని చెప్పింది కాదు. లేచి నిలబడేసరికి నోట్లోంచి వచ్చేసింది. అందరూ హల్లెలూయా అన్నాక వెనక్కి తీసుకునే ధైర్యం లేకపోయింది. ఆ ట్రే నెలనెలా నా చేతికి వచ్చేది. అతుకు ఎక్కడుందో చూపు లేకపోయినా నా వేలికి తెలిసేది. నేనూ సుఖంగా మింగలేదమ్మా.

తిరుపాలుకు రాసేశాను, షాపు లేదని. అతనేమీ బాధపడలేదు. "అన్నా, అల్యూమినియం పనులు వస్తే ఆ బిడ్డ కాడికే పంపిస్తాలే," అని కబురు పెట్టాడు. రోశయ్యకు కూడా రాద్దామనుకున్నాను. తర్వాత, కాగితం మీద వద్దు, ముఖాముఖీ చెప్పాలనుకున్నాను.

ఆరో తేదీ శనివారం బస్సుకు వస్తున్నాను. ఎడ్విన్ వద్దంటున్నాడు, డాక్టరు దుమ్ములో తిరగవద్దన్నాడని. వస్తాను. మా అమ్మకు చెప్పు, నా స్నానానికి నీళ్ళు పెట్టవద్దని. ఆ బిందె నీకు పనికొస్తుంది. ఆదివారం ట్రే బల్ల మీద నుంచి లేవకముందే నేను లేస్తాను. ట్రే సంగతీ చెబుతాను, బండి సంగతీ చెబుతాను, గ్లాసు నీళ్ళ సంగతీ చెబుతాను. నువ్వు మాత్రం ఆ రోజు స్తంభం వెనక కూర్చోవద్దు. ముందుకు వచ్చి, నా కొత్త కళ్ళకు కనిపించేచోట కూర్చో. నేను తడబడితే నువ్వు అందుకో.

ఏంజెలిన్ నాయన,
వరప్రసాదం.